ఇరవై నిమిషాల నీళ్ళు

సిద్దిపేటలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేరిన మొదటి రోజే సింధూజను ల్యాబ్ గుమ్మంలో ఆపేసింది మెహరాజ్ బేగం. ఆమె అక్కడ అటెండరు. యాభై దాటిన మనిషి. సన్నగా ఉంటుంది, ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తుంది. సింధూజ ఎమ్మెస్సీలో గోల్డ్ మెడల్ తెచ్చుకున్న పిల్ల. ఆ పొద్దున నంగునూరులో మొదటి బస్సెక్కి, కొత్త చుడీదారు, కొత్త చెప్పులు వేసుకొని వచ్చింది. మెహరాజ్ బేగం ఆమె ముఖం చూడలేదు, కాళ్ళ వంక చూసింది.

"చెప్పులతోటి లోపటికి రావద్దు మేడం. వేళ్ళు కప్పే షూ వేస్కోవాలె. పిల్లలకైనా, సార్లకైనా గదే."

తాను కొత్త లెక్చరర్‌నని సింధూజ చెప్పింది. తెలుసునని ఆమె తల ఊపి, బీరువాలోంచి ఒక జత పాత నల్లబూట్లు తీసి నేలమీద పెట్టింది. ఆ ఒక్కరోజుకు అవి సరిపోతాయంది. తర్వాత జుట్టు ముడి వేసుకోమంది, చున్నీ వెనక్కి తీసి నడుముకు కట్టుకోమంది, చేతిగాజులు తీసి గుమ్మం పక్కన గిన్నెలో వేయమంది. ముప్పై మంది పిల్లలు చూస్తుండగా సింధూజ అన్నీ చేసింది. లోపలికి వెళ్ళేసరికి చెవులు వేడెక్కిపోయాయి.

పిల్లలు మెహరాజ్ బేగాన్ని ఎదురుగా ఆపా, అంటే అక్కా, అనేవాళ్ళు, వెనక చెక్‌పోస్టు అనేవాళ్ళు. ఆ పేరు ఊరికే రాలేదు. గుమ్మానికి దారం కట్టి నెయిల్ కట్టర్ ఒకటి వేలాడదీసింది. గోళ్ళు పెరిగినవాళ్ళు అక్కడే కత్తిరించుకోవాలి. బ్యాగులు, మంచినీళ్ళ సీసాలు, తినేవన్నీ వరండాలో. యాసిడ్‌ను పిపెట్ గొట్టంలోకి నోటితో పీల్చడానికి వీల్లేదు, రబ్బరు బుడ్డి పెట్టి లాగాలి. ఒక కుర్రాడు తొందరలో నోరు పెట్టబోతే, దూరం నుంచే చూసి వచ్చి వాడి చేతిలోంచి గొట్టం తీసేసుకుంది, ఆ పూటంతా స్టూలు మీద కూర్చోబెట్టింది. సబ్బుతో చేతులు కడుక్కోనిదే కళ్ళు, ముఖం ముట్టుకోనిచ్చేది కాదు. ఏప్రాన్‌తో క్యాంటీన్‌కు వెళ్ళనిచ్చేది కాదు. ఇంట్లో బట్టలతో కలిపి ఉతకొద్దని ప్రతి సోమవారం చెప్పేది.

సింధూజ చదువుకున్న ల్యాబుల్లో ఇవేవీ లేవు. అక్కడ పెద్ద పెద్ద ప్రొఫెసర్లే నోటితో పిపెట్ పీల్చేవాళ్ళు. చలికాలం సాయంత్రాలు బీకరులో టీ కాచుకొని తాగేవాళ్ళు. తాను కూడా తాగింది, ఏమీ కాలేదు. అందుకే ఒకరోజు టీ గ్లాసు పట్టుకొని ల్యాబ్‌లోకి వచ్చినప్పుడు, మెహరాజ్ బేగం ఆ గ్లాసు తీసుకెళ్ళి వరండా గోడమీద పెట్టేసరికి ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. పదో తరగతి కూడా దాటని మనిషి తనకు కెమిస్ట్రీ నేర్పుతోందా అని అడిగేసింది.

"నాకు కెమిస్ట్రీ రాదు మేడం," అంది మెహరాజ్ బేగం నెమ్మదిగా. "నాకు సీసలు తెలుసు. ఏ సీస ఏం చేస్తదో తెలుసు."

సింధూజ ప్రిన్సిపల్ బాలరాజు దగ్గరికి వెళ్ళి, అటెండరు లెక్చరర్‌ను గుమ్మంలో ఆపడం బాగాలేదని చెప్పింది. ఆయన నవ్వాడు. రెండేళ్ళ కిందట కాలేజీ యజమానులను వెంటబెట్టుకొని ల్యాబ్ చూపించడానికి వెళ్తే తననూ, వాళ్ళనూ కలిపి బయటే నిలబెట్టిందని చెప్పాడు. ఆ తర్వాత వాళ్ళలో ఒకాయన ఆమె జీతం పెంచమన్నాడట. సింధూజకు ఆ మాట రుచించలేదు. లేచి క్లాసుకు వచ్చేసింది.

అన్నిటికన్నా ఆమెకు వింతగా తోచింది ల్యాబ్ మూలనున్న పరదా. అక్కడ పైకప్పు నుంచి ఒక షవరు దిగి ఉంది, ఒంటిమీద ఏదైనా పడితే కడుక్కోవడానికి. తనిఖీకి వచ్చేవాళ్ళు అడుగుతారని ఎప్పుడో పెట్టించినది. చాలా చోట్ల అలాంటివి తుప్పు పట్టి ఉంటాయి, తిప్పితే గాలి తప్ప ఏమీ రాదు. ఇక్కడ మాత్రం వారానికోసారి మెహరాజ్ బేగం దాని కింద బకెట్ పెట్టి, ఎర్రనీళ్ళు పోయి తేటనీళ్ళు వచ్చేదాకా వదిలేది. దాని చుట్టూ ఇనుప కడ్డీ బిగింపజేసి, మందపాటి నీలం గుడ్డ తనే కుట్టి వేలాడదీసింది. లోపల గోడకు ఒక స్టీలు డబ్బా ఉండేది. అందులో ఉతికి మడిచిన రెండు నైటీలు, రెండు తువాళ్ళు, ఒక దుప్పటి, ఒక పెద్ద కత్తెర ఉండేవి.

ఏటా కొత్త పిల్లలు వచ్చిన మొదటి వారంలో ఆమె ఆడపిల్లలను ఆ పరదా దగ్గరికి పిలిచి మాట్లాడేది. ఆ ఏడాది మాట్లాడినప్పుడు సింధూజ పక్కనే బోర్డు తుడుస్తోంది. యాసిడ్ ఒంటిమీద పడితే బట్టలు తీసేయాలని, తీసేదాకా ఆ బట్టలే కాలుస్తూ ఉంటాయని, ఎవరున్నారు, ఏమనుకుంటారు అని చూసుకుంటూ నిలబడొద్దని ఆమె చెప్పింది. పరదా అందుకే ఉందని, తాను పక్కనే ఉంటానని చెప్పింది. పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు వాలి నవ్వుకున్నారు. సింధూజకు సిగ్గేసి బోర్డు వైపే తిరిగి ఉండిపోయింది. మగపిల్లలకు వేరేగా చెప్పేది. పరదా అనే మాట చెవిన పడగానే అందరూ వెనుదిరిగి బయటికి పోవాలి, ఒకడు మోటరు వేయాలి, తక్కినవాళ్ళు పిలిస్తే అందేంత దూరంలో ఉండాలి. ఇదంతా కొంచెం అతిగా ఉందని సింధూజ అనుకుంది.

జనవరి వచ్చింది. ప్రాక్టికల్ పరీక్షలు వారంలోకి వచ్చాయి. రెండో సంవత్సరం పిల్లలు ఉప్పులను పరీక్షించి వాటిలో ఏమున్నదో కనిపెట్టే పనిలో ఉన్నారు. దానికి గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ చుక్కలు చుక్కలుగా కావాలి. ఆ రోజు సింధూజ ఏప్రాన్ తెచ్చుకోలేదు. ముందురోజు ఉతికి ఆరేస్తే మంచుకు ఆరలేదు. మెహరాజ్ బేగం బీరువాలోంచి ఇంకొకటి తీసి ఇవ్వబోయింది. సింధూజ చెయ్యి ఊపి, పిల్లలు ఎదురుచూస్తున్నారని, తర్వాత వేసుకుంటానని అంది. ఏప్రాన్ బల్లమీద పెట్టి మెహరాజ్ బేగం గాజు గొట్టాలు తేవడానికి పక్కనే ఉన్న స్టోరు గదిలోకి వెళ్ళింది.

బల్లల మీది చిన్న సీసాల్లో యాసిడ్ అయిపోయింది. ఒక పిల్ల వచ్చి అడిగింది. కింది అరలో, ఎర్ర ప్లాస్టిక్ బకెట్‌లో పెద్ద సీసా ఉంది. దాన్ని మెహరాజ్ బేగం ఎప్పుడూ బకెట్‌తో సహా తెచ్చేది, పైకి తీస్తే అడుగున ఒక చెయ్యి పెట్టి పట్టుకునేది. సింధూజ దాన్ని రెండు వేళ్ళతో మెడ పట్టుకొని పైకి లాగింది. వెనక ఎవరో ఏదో అడిగితే తిరిగింది. సీసా అడుగు రాతిబల్ల అంచుకు కొట్టుకుంది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. చేతిలో మెడ మాత్రం మిగిలింది. నడుము నుంచి మోకాలిదాకా ముందు తడిగా తగిలింది. ఆ వెంటనే వేడి. చూస్తుండగానే కుర్తా మీది పసుపు పువ్వులు నల్లబడి, గుడ్డ దారాలు దారాలుగా విడిపోసాగింది.

ఏం చేయాలో సింధూజకు తెలుసు. పరీక్షలో ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకున్న మనిషి. కానీ ఆ క్షణంలో నలభై మంది పిల్లలు, అందులో పదహారు మంది మగపిల్లలు తననే చూస్తున్నారన్నది ఒక్కటే ఆమెకు కనిపించింది. చున్నీ ముడి విప్పి ముందుకు లాక్కొని, పిల్లలను దూరంగా ఉండమని చెప్పి, పై అంతస్తులోని స్టాఫ్‌రూముకు వెళ్దామని గుమ్మం వైపు నడిచింది. నాలుగు అడుగులు వేసింది. గొంతు కూడా వణకలేదు. అదే ఆమెకు తర్వాత చాలా రోజులు భయం పుట్టించింది.

మెహరాజ్ బేగం స్టోరు గుమ్మంలోకి వచ్చి చూసింది. చేతిలోని ట్రే కింద పెట్టి, "పరదా," అంది. గట్టిగా, ఒక్కసారే.

మగపిల్లలు వెనుదిరిగారు. ఒకరినొకరు తోసుకోకుండా బయటికి నడిచారు. ఆతిఫ్ అనే కుర్రాడు మోటరు గది వైపు పరుగెత్తాడు. ఈలోగా మెహరాజ్ బేగం రబ్బరు గ్లౌజులు తొడుక్కొని, సింధూజ భుజం పట్టుకొని మూలకు లాగుతోంది.

"స్టాఫ్‌రూముకు పోత ఆపా. గాడ తీసేస్త," అంది సింధూజ.

"ఏడికి పోవద్దు బిడ్డా. గీడనే. నీళ్ళు గీడ ఉన్నయి."

అంతవరకూ ఆమె సింధూజను మేడం అని తప్ప పిలవలేదు. ఆ పిలుపుతో సింధూజ ఆమె లాగినవైపే నడిచింది. పరదా మూసుకుంది, గొలుసు లాగగానే పైనుంచి జనవరి నీళ్ళు ఇంత లావున తలమీద పడ్డాయి. ఊపిరి ఆగినంత పనైంది. మెహరాజ్ బేగం కుర్తాను తలమీదుగా తీయనివ్వలేదు. అలా తీస్తే ముఖానికి అంటుకుంటుంది. కత్తెర తీసుకొని కింది అంచు నుంచి మెడదాకా ఒక్క గీతలో కత్తిరించింది, సల్వార్‌ను పక్క నుంచి కత్తిరించింది, అన్నీ కాలితో మూలకు నెట్టేసింది. తాను కూడా నీళ్ళలోనే నిలబడి ఉంది. బయట సుచిత్ర అనే అమ్మాయిని గడియారం చూస్తూ నిమిషం నిమిషం లెక్క చెప్పమంది.

సుచిత్ర రెండు అని చెప్పింది. మూడు అని చెప్పింది. సింధూజ పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. మంట తగ్గినట్టే ఉంది, ఇక చాలంది. మెహరాజ్ బేగం వినలేదు.

ఆరో నిమిషంలో ప్రిన్సిపల్ వచ్చాడు. పరదాకు ఇవతల, గోడవైపు తిరిగి నిలబడి, కారు సిద్ధంగా ఉంది, వెంటనే దవాఖానకు పోదామన్నాడు. ఆయన వెంట వచ్చిన ఎవరో యాసిడ్‌కు సోడా రాస్తే విరుగుతుందని, సోడా డబ్బా తెచ్చామని చెప్పారు. మెహరాజ్ బేగం పరదా లోపలి నుంచే జవాబిచ్చింది.

"సోడా నేలమీద సల్లున్రి సార్. మనిషికి నీళ్ళే. ఇంక పద్నాలుగు నిమిషాలు ఉన్నయి. అప్పటిదాంక కారు ఒద్దు."

ఆలస్యమైతే ఎవరు బాధ్యులని ఆయన అడిగాడు. తానేనని ఆమె చెప్పింది. ఆయన గోడవైపు తిరిగే నిలబడిపోయాడు.

పదకొండో నిమిషంలో షవరు సన్నబడింది. పైన ట్యాంకు ఖాళీ అవుతోంది. మోటరు నడుస్తోంది గానీ, షవరు పోసినంత జోరుగా ట్యాంకు నిండదు కదా. ధార దారంలా అయింది. సింధూజ తల ఎత్తి చూసింది. అప్పుడే తొడమీద మళ్ళీ నిప్పు రాజుకున్నట్టయింది. మెహరాజ్ బేగం పరదా సందులోంచి తల బయటపెట్టి, మగపిల్లలను నీళ్ళు తెమ్మని కేకేసింది.

సింధూజ జీవితంలో మర్చిపోలేనిది ఆ తర్వాత జరిగింది. వరండా చివర బోరు కుళాయి దగ్గర నుంచి ల్యాబ్ మూలదాకా మగపిల్లలు వరస కట్టారు. బకెట్లు చేతులు మారుతూ వచ్చాయి. పరదా దగ్గరికి వచ్చేసరికి ఆఖరి కుర్రాడు వీపు ఇటు తిప్పి, వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చి, బకెట్‌ను చూడకుండానే గుడ్డ కింద నుంచి లోపలికి తోసేవాడు. ఖాళీ బకెట్ అలాగే వెనక చేత్తో అందుకునేవాడు. ఒక్కడూ తల తిప్పలేదు. ఒక్కడూ నవ్వలేదు. నీళ్ళు ఆగలేదు. పరదా కింద నుంచి వచ్చిన ప్రతి బకెట్‌నూ మెహరాజ్ బేగం రెండు చేతులతో ఎత్తి, చెంబుతో కాకుండా మెల్లగా ధారగా తొడమీద వంచింది. ఆమె ఎడమ కాలు ఆ బరువుకు వణుకుతోంది.

సుచిత్ర ఇరవై అని చెప్పింది. అప్పటికి షవరు మళ్ళీ వచ్చింది. మెహరాజ్ బేగం ఇంకొక నిమిషం ఉంచి కట్టేసింది. తువాలుతో అద్దినట్టు తుడిచి, నైటీ తొడిగి, పైన దుప్పటి కప్పి బయటికి తెచ్చింది. వరండా అంతా ఖాళీగా ఉంది. పిల్లలు అప్పటికే ముంగిట్లోకి దిగిపోయి, కారు దాకా దారి వదిలి, గోడవైపు తిరిగి నిలబడ్డారు.

దవాఖానలో డాక్టరమ్మ గాయం చూసి, ఎంతసేపు కడిగారని అడిగింది. చెప్పారు. బట్టలు ఎవరు తీశారని అడిగింది. చెప్పారు. నడుము దగ్గర, తొడ పైభాగాన తోలు ఎర్రబడింది అంతే. మోకాలికి పైన మాత్రం అరచేతి వెడల్పున లోతుగా కాలింది. ఒక మచ్చ ఉంటుందని, నడకకు ఏమీ కాదని, అలాగే స్టాఫ్‌రూము దాకా వెళ్ళి ఉంటే తొడమీద తోలు అతికించాల్సి వచ్చేదని ఆమె చెప్పింది. తర్వాత మెహరాజ్ బేగం వైపు తిరిగి, నర్సువా అని అడిగింది. కాదని ఆమె తల ఊపింది.

మంచం మీద నుంచి సింధూజ ఆమెనే చూస్తోంది. తడి బట్టలతో, గోడకు ఆనుకొని నిలబడి ఉంది. డాక్టరమ్మ అటు వెళ్ళగానే మెహరాజ్ బేగం కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి, చెంపల మీదికి జారాయి. కానీ చెయ్యి ముఖం దగ్గరికి రాలేదు. అలాగే కారుతున్న కళ్ళతో గది మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్ళి, సబ్బు అడిగి తీసుకొని, మోచేతుల దాకా రుద్ది కడుక్కుంది. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ తర్వాతే చున్నీ కొంగు కోసం చూసుకుంది. అదీ తడిగా ఉంది, పైగా ల్యాబ్‌లోనిది. నర్సు గాజుగుడ్డ ముక్క ఇస్తే దానితో కళ్ళు తుడుచుకుంది. ఈ మనిషి పిల్లలకు ఏది చెప్పిందో అది తన ఏడుపులో కూడా మర్చిపోదని సింధూజకు అప్పుడు అర్థమైంది. పుస్తకాల్లో తాను చదివింది ఈమె ఒంట్లో ఉంది.

రెండో ఆదివారం మెహరాజ్ బేగం నంగునూరు వచ్చింది. సింధూజ తల్లి కొండవ్వ ఆమెను గడపలోనే రెండు చేతులూ పట్టుకొని లోపలికి తెచ్చి, మంచం మీద కూర్చోబెట్టింది. ఏం పెట్టాలో తెలియక వేడి వేడి జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. నా బిడ్డ పాణం కాపాడినవ్ చెల్లె అంటూ కొండవ్వ మళ్ళీ మళ్ళీ చెబుతుంటే మెహరాజ్ బేగం తలవంచుకొని తింది.

తిన్నాక సింధూజ అడిగింది. పరదా ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందని. ల్యాబ్‌ల పుస్తకాల్లో షవరు గురించి ఉంటుంది, ఇరవై నిమిషాల గురించి ఉంటుంది, బట్టలు తీసేయాలని ఉంటుంది. అక్కడ నలుగురు మగవాళ్ళుంటే ఆడపిల్ల బట్టలు ఎలా తీస్తుందని ఏ పుస్తకంలోనూ లేదు.

మెహరాజ్ బేగం వాకిట్లో ఎవరూ లేరని చూసుకుంది. ఎడమ కాలి సల్వార్‌ను మోకాలి పైదాకా మడిచి చూపించింది. తొడ నుంచి పిక్కదాకా తోలు ముడుచుకుపోయి, మోకాలు దగ్గర గట్టిపడి ఉంది. కొండవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నాకు పందొమ్మిదేండ్లు మేడం. నూలుకు రంగులేసే షెడ్డుల పని చేస్తుంటి. కాస్టిక్ సోడా కలిపిన తొట్టి ఒరిగి కాలు మీద పడ్డది. చుట్టూ నలుగురు మగోళ్ళు. కాస్టిక్ పడంగనే మంట పుట్టది, సబ్బు నీళ్ళ లెక్క జారుతది. ఏం కాలే అన్న. సల్వార్ ఎట్ల ఇడుస్త? గట్లనే ఇంటికి నడుసుకుంట పోయిన. అర్ధగంట దూరం. పోయి చూస్తే తోలు లేదు."

సల్వార్ కిందికి దించుకుంది. మడతలు సరిచేసుకుంటూ మళ్ళీ అంది.

"షెడ్డు పక్కకే బాయి ఉండె. నిండ నీళ్ళు."

కొండవ్వ లేచి, ఆ మోకాలికి నొప్పి ఎప్పుడు వస్తుందని, చలికాలం ఏం రాస్తుందని అడిగి తెలుసుకుంది. మూడు నెలలు మంచంలో ఉన్నానని, లేచాక ఆ షెడ్డుకు మళ్ళీ వెళ్ళలేదని మెహరాజ్ బేగం చెప్పింది. చాలా ఏళ్ళ తర్వాత ఈ కాలేజీలో అటెండరు పని దొరికింది. ల్యాబ్‌లోకి అడుగుపెట్టి, గోడమీది ఇంగ్లీషు కాగితంలో ఏముందో అప్పటి లెక్చరర్‌ను చదివి చెప్పమంది. ఆయన వినిపించాడు. పది రోజులు అడిగి అడిగి అంతా నోటికి నేర్చుకుంది. మొదటి జీతం రాగానే నీలం గుడ్డ కొన్నది. ఇన్నేళ్ళలో ఆ పరదా వెనక్కి ఎవరూ వెళ్ళాల్సిన అవసరం రాలేదు. సింధూజే మొదటిది.

నెలన్నర తర్వాత సింధూజ కాలేజీకి తిరిగి వచ్చింది. మొదటి ప్రాక్టికల్ రోజున పిల్లలందరి ముందూ నిలబడి, తప్పు తనదేనని చెప్పింది. ఏప్రాన్ వేసుకోలేదని, సీసాను మెడ పట్టుకొని ఎత్తానని, పడ్డాక నీళ్ళ దగ్గరికి కాకుండా గుమ్మం దగ్గరికి నడిచానని ఒక్కొక్కటీ దాచకుండా చెప్పింది. బకెట్లు మోసిన కుర్రాళ్ళకు పేరు పేరునా దండం పెట్టింది. వాళ్ళు సిగ్గుపడి బల్లల కింద ఏదో వెతుక్కున్నారు.

ఎండాకాలం సెలవుల చివర, బడులు తెరవబోయే ముందు, చుట్టుపక్కల హైస్కూళ్ళ సైన్సు టీచర్లకు సిద్దిపేటలో రెండు రోజుల శిక్షణ పెట్టారు. ల్యాబ్‌లో జాగ్రత్తల గురించి గంటసేపు మాట్లాడమని సింధూజను పిలిచారు. సగం సమయం మెహరాజ్ బేగానికి ఇస్తేనే వస్తానని ఆమె చెప్పింది. అటెండరుతో టీచర్లకు చెప్పించడం ఏం బాగుంటుందని నిర్వాహకుల్లో ఒకాయన నసిగాడు. ఆయనకన్నా ఎక్కువగా మెహరాజ్ బేగమే అడ్డుపడింది. మైకు పట్టుకుంటే తనకు మాట రాదంది. సింధూజ మూడు రోజులు ఆమె వెంట తిరిగి ఒప్పించింది.

హాల్లో అరవై మంది దాకా ఉన్నారు, సగం మగవాళ్ళు. సింధూజ ప్రొజెక్టరుతో గోడమీద వేసి చూపించాలని తెచ్చుకున్న బొమ్మలను పక్కన పెట్టేసింది. ఒక లెక్చరర్ మీద యాసిడ్ పడింది, ఆమె ఏం చేయాలో తెలిసి కూడా నాలుగు అడుగులు తప్పువైపు వేసింది అని మొదలుపెట్టింది. ఆమె ఎవరో కాదు తానేనని చెప్పింది. అంతమంది మగవాళ్ళ ముందు తన బట్టలు ఎలా కత్తిరించారో చెప్పడం ఆరు నెలల కిందట అయితే ఆమె వల్ల అయ్యేది కాదు. ఇప్పుడు తడబడకుండా చెప్పింది. చెప్పి, మైకు మెహరాజ్ బేగానికి ఇచ్చింది.

మెహరాజ్ బేగం ముందు రెండు వాక్యాలు తడబడింది. తర్వాత పరదా ఎక్కడ కట్టాలో, డబ్బాలో ఏముండాలో, పిల్లలకు ఏ మాటతో చెప్పాలో చెప్పడం మొదలుపెట్టేసరికి, ల్యాబ్‌లో ఉన్నట్టే అయిపోయింది. షవరు లేని బడిలో ఏం చేయాలని ఒక టీచరు అడిగింది. పెద్ద నల్లా కింద ఒక పైపు, నీళ్ళు నింపిన డ్రమ్ము, రెండు చెంబులు చాలంది. పరదా బదులు చీరైనా పనికొస్తుందంది. మగ టీచర్లు కూడా రాసుకున్నారు. తన కాలి సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. సింధూజ కూడా చెప్పలేదు.

ఆ మాటలకు ఎంతమంది ఏం చేశారో తెలియదు. కార్తీకం వెళ్ళాక ఒక మధ్యాహ్నం చేర్యాల దగ్గరి బడి నుంచి ఎస్తేర్ అనే టీచరు సింధూజకు ఫోన్ చేసింది. శిక్షణలో షవరు గురించి అడిగింది తానేనని గుర్తు చేసింది. నాలుగు రోజుల కిందట తొమ్మిదో తరగతి పిల్ల హీబా మీద యాసిడ్ చిందిందని చెప్పింది. మెడమీద, ఛాతీమీద. బడిలో షవరు లేదు. డ్రమ్ము ఉంది, తాను తెచ్చి పెట్టిన పాత చీర ఉంది. ఆపా మాటలు తాను ముందే చెప్పి ఉండటంతో పిల్ల ఒక్క నిమిషం కూడా ఆగకుండా తనంతట తనే డ్రమ్ము దగ్గరికి పరుగెత్తి, చీర లాక్కొని, చొక్కా విప్పేసిందట. మెడమీద చిన్న మచ్చ తప్ప ఏమీ మిగల్లేదు. పిల్ల పక్కనే ఉంది, ఆపాతో మాట్లాడతానంటోంది.

సింధూజ ఫోన్ మెహరాజ్ బేగానికి ఇచ్చింది. ఆమె వరండాలోకి వెళ్ళి నిలబడింది. పిల్ల ఏదో చెబుతోంది, ఈమె ఊ కొడుతోంది. అన్నం తిన్నావా అని అడిగింది. ఇంట్లో ఎవరెవరున్నారని ఉర్దూలో అడిగింది. తర్వాత మళ్ళీ తెలుగులోకి వచ్చింది.

"భయమైందా బిడ్డా? ... అయితది. మల్ల ల్యాబ్‌కు పోతవా? ... సోమారం పో. బంద్ చెయ్యకు. నీకు సైన్సు మంచిగొస్తదని టీచరమ్మ చెప్పింది."

ఫోన్ తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె ముఖం సింధూజ ఎన్నడూ చూడనంత తేటగా ఉంది. సింధూజ ఆమె చెయ్యి పట్టుకుంది. మెహరాజ్ బేగం కాసేపు అలాగే ఉండనిచ్చి, మెల్లగా విడిపించుకుంది.

"ములుగు దిక్కు కూడ బడులు చానా ఉన్నయి మేడం," అంది. "గాడికి ఎప్పుడు పోదాం?"